కోలారు టమాటాకు పెరూ కొండల చుట్టాలు

క్లుప్తంగా

పంట మొక్కలు తెగుళ్లను తట్టుకునే గుణాలు చాలావరకు వాటి అడవి బంధువుల నుంచి, పాత ఊరి రకాల నుంచి వచ్చినవే. టమాటా ఆకుముడత, వరి ఎండాకు తెగులు, వేరుశనగ తుప్పు తెగులు ఇందుకు ఉదాహరణలు. జన్యు సవరణ పద్ధతులు వచ్చినా ఈ అవసరం తీరిపోలేదు. ఏ మొక్క ఎప్పుడు అక్కరకొస్తుందో ముందుగా తెలియదు కాబట్టి, అవసరం పడకముందే వాటిని సేకరించి దాచుకోవాలి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ధర పెరిగినప్పుడు మొదలైన చర్చ

2023 జులైలో బెంగళూరులో కిలో టమాటా వంద రూపాయలు దాటింది. కోలారు మార్కెట్లో 15 కిలోల బాక్సు రెండు వేలకు పైగా పలికింది. వానలు, అంతకుముందు ధర లేక రైతులు సాగు తగ్గించుకోవడం, వీటితో పాటు కోలారు జిల్లా తోటల్లో ఆకుముడత వైరస్ కూడా కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి వైపు ఇంట్లో తెలుగే మాట్లాడుకునే రైతు కుటుంబాలు చాలా ఉన్నాయి. సరిహద్దు దాటితే మదనపల్లె. బెంగళూరు వంటింటి టమాటాలో పెద్ద వాటా ఈ ప్రాంతం నుంచే వస్తుంది. అందుకే ఆ వైరస్ ఇక్కడి తెలుగువాళ్లకు పొలంలోనూ, మార్కెట్‌లోనూ, రెండు చోట్లా తగిలింది.

రెండేళ్లు తిరగకుండానే 2025 మేలో కేంద్ర ప్రభుత్వం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. ఒకటి సాంబ మసూరి నుంచి చేసిన 'కమల' అనే డీఆర్ఆర్ ధాన్ 100. రెండోది కాటన్‌దొర సన్నాలు అని మనవాళ్లు పిలిచే ఎంటీయూ 1010 నుంచి చేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1. ఒకటి బాపట్లలో, ఒకటి మారుటేరులో పుట్టిన వంగడం. రెండూ తెలుగు నేల మీదివే.

ఈ రెండు వార్తలూ కలిసి కొన్ని అయోమయాలకు దారితీశాయి. ల్యాబ్‌లోనే జన్యువును మార్చగలిగితే ఇక పాత విత్తనాలు, అడవి మొక్కలు ఎందుకు? హైబ్రిడ్, జీఎం (జన్యు మార్పిడి), ఎడిటెడ్ (జన్యు సవరణ) అన్నీ ఒకటేనా? తెగుళ్లు తట్టుకుంటుందని చెప్పి అమ్మిన విత్తనం కొన్నాళ్లకు ఎందుకు తట్టుకోలేకపోతోంది? ఈ మూడింటికీ జవాబు ఒకే చోట దొరుకుతుంది. టమాటా చరిత్ర నుంచి మొదలుపెడితే తేలిగ్గా అర్థమవుతుంది.

టమాటా ఎందుకింత సున్నితం

టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని పెరూ, ఈక్వడార్ ప్రాంతం. అక్కడ ఇప్పటికీ బఠాణీ గింజంత కాయలు కాసే అడవి టమాటాలు పెరుగుతున్నాయి. మనుషులు వాటిలో పెద్ద కాయలున్న మొక్కల్ని ఏరుకుంటూ మెక్సికో దాకా తీసుకెళ్లారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు యూరప్‌కు, తర్వాత పోర్చుగీసులు మన దేశానికి తెచ్చారు. ఈ దారిలో ప్రతి మజిలీలోనూ వెంట వచ్చింది గుప్పెడు విత్తనమే. మిగతా వైవిధ్యం వెనకే ఉండిపోయింది. పైగా టమాటా తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందే మొక్క. పక్క మొక్కతో కలిసే అవకాశం తక్కువ కాబట్టి కొత్త గుణాలు తేలిగ్గా చేరవు. అడవి జాతుల్లో ఉన్న జన్యు వైవిధ్యంతో పోలిస్తే సాగు టమాటాలో ఉన్నది 5 శాతం లోపేనని శాస్త్రవేత్తల అంచనా.

ఇంత ఇరుకైన వంశం ఉన్న పంటలో ఒక మొక్కకు సోకిన తెగులు తోటంతా పాకుతుంది. ఇది ఒక్క టమాటా సమస్యే కాదు. 1970లో అమెరికాలో మొక్కజొన్న హైబ్రిడ్లలో ఎక్కువ భాగం ఒకే రకం కణద్రవ్యం మీద ఆధారపడి ఉండేవి. ఆ ఒక్క బలహీనతను పట్టుకున్న శిలీంధ్రం దేశం మొత్తం పంటలో దాదాపు 15 శాతాన్ని తుడిచిపెట్టింది. 1840ల ఐర్లండ్ బంగాళదుంప కరువులోనూ మూలం ఇలాంటిదే. దేశమంతా కొద్దిపాటి రకాలే, అవీ దుంపల నుంచి దుంపలకు అచ్చు నకళ్లు.

కోలారు తోటల్లో ఆకుముడతను మోసుకొచ్చేది తెల్లదోమ. ఎండలు ముదిరి గాలి పొడిగా ఉన్నప్పుడు దోమ విపరీతంగా పెరుగుతుంది కాబట్టి వేసవి నాట్లకు దెబ్బ ఎక్కువ. లేత దశలో సోకితే ఆకులు ముడుచుకుని, మొక్క గిడసబారి, కాపు దాదాపు ఉండదు. దక్షిణాదిలో ఈ తెగులు కలిగించే వైరస్‌లలో ఒకదానికి బెంగళూరు పేరే పెట్టారు. దోమను మందు కొట్టి అదుపు చేయడం కష్టం. వైరస్ ఎక్కించడానికి దోమకు కొద్దిసేపు చాలు, మందు పనిచేసేలోపే ఆ పని అయిపోతుంది. కాబట్టి మొక్కలోనే తట్టుకునే శక్తి ఉండాలి.

ఎన్నడూ చూడని వైరస్‌కు నిరోధం

ఆ శక్తి సాగు టమాటాల్లో దొరకలేదు, అడవి టమాటాల్లో దొరికింది. హర్యానాలో కల్లూ, బెనర్జీ అనే శాస్త్రవేత్తలు హాబ్రోకైటిస్ అనే నూగు టమాటా నుంచి నిరోధాన్ని సాగు టమాటాలోకి తెచ్చి, హెచ్-24 అనే వరుసను 1990లో ప్రకటించారు. అందులోని జన్యువుకు తర్వాత టై-2 అని పేరొచ్చింది. 1994లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు చిలెన్స్ అనే మరో అడవి జాతిలో టై-1ను గుర్తించారు. కొన్నాళ్లకు అదే జాతి నుంచి టై-3 కూడా వచ్చింది. ఈ రెండూ నిజానికి ఒకే జన్యువుకు రెండు రూపాలని 2013లో తేలింది.

ఇక్కడ ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. మన ఆకుముడత వైరస్‌లు పాత ప్రపంచానివి. ఆసియా, ఆఫ్రికాల కలుపు మొక్కల్లో ఉంటూ, టమాటా ఇక్కడికి వచ్చాక దాన్ని పట్టుకున్నాయి. పెరూ, చిలీ కొండల్లోని మొక్క వీటిని ఎన్నడూ చూడలేదు. మరి వాటిని ఎదుర్కొనే శక్తి దానికెలా ఉంది?

జవాబు ఆ జన్యువు చేసే పనిలో ఉంది. మొక్కల్లో వైరస్‌ను గుర్తుపట్టి దాని జన్యు సందేశాన్ని ముక్కలు చేసే ఏర్పాటు సహజంగానే ఉంటుంది. టై-1 ఆ ఏర్పాటును బలపరుస్తుంది. వైరస్ ఆర్‌ఎన్‌ఏకు మరిన్ని నకళ్లు చేయించి, వాటి ఆధారంగా మొక్క మరింత గట్టిగా దాడి చేసేలా చేస్తుంది. అంటే ఒక నిర్దిష్ట వైరస్ కోసం తయారైన తాళం కాదది, ఆ కుటుంబానికి చెందిన చాలా వైరస్‌ల మీద పనిచేస్తుంది. అందుకే ఎక్కడో పుట్టిన గుణం ఇక్కడి తెగులుకు పనికొచ్చింది. మరో సంగతి కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. టై-1 వైరస్‌ను పూర్తిగా చంపదు, తక్కువ స్థాయిలో ఉంచుతుంది. మొక్క పచ్చగా కనిపించినా వైరస్ లోపల ఉండొచ్చు, తెల్లదోమ దాన్ని పక్క తోటకు మోసుకెళ్లొచ్చు. నిరోధక రకం వేశాం కదా అని దోమను వదిలేయకూడదని చెప్పేది ఇందుకే.

నూగు టమాటాకు ఇంకో బలం ఉంది. ఆకు మీది నూగు చివర జిగురు ఊరుతుంది. పెనెల్లీ అనే జాతిలో అది మరీ ఎక్కువ. వాలిన దోమ అంటుకుపోతుంది లేదా ఆకును ముట్టకుండా వెళ్లిపోతుంది. వైరస్‌ను మోసే పురుగునే ఆపగలిగే గుణం ఇది, అందుకే చాలామంది శాస్త్రవేత్తలు దీని వెంటపడ్డారు. అయితే ఇది ఒక జన్యువుతో అయ్యే పని కాదు, చాలా జన్యువులు కలిసి నడిపే గుణం. దాన్ని పూర్తిగా సాగు టమాటాలోకి తేవడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

అడవి నుంచి పొలం దాకా ఎందుకంత ఆలస్యం

అడవి టమాటాతో సాగు టమాటాను కలిపితే వెంటనే మంచి వంగడం రాదు. మొదటి అడ్డంకి గింజే. కొన్ని జాతుల మధ్య సంకరం చేస్తే పిండం మధ్యలోనే చచ్చిపోతుంది. 1944లో కాలిఫోర్నియాలో పెరూవియానం అనే జాతితో సంకరం చేసినప్పుడు, పిండాన్ని బయటికి తీసి గాజు గొట్టంలో పెంచాల్సి వచ్చింది. ఆ ఒక్క సంకర మొక్క నుంచే వేరుబుడిపె నులిపురుగును తట్టుకునే ఎంఐ జన్యువు ప్రపంచంలోని చాలా టమాటా రకాలకు చేరింది. ఈ గుణానికి ఒక పరిమితి ఉంది. నేల వేడి 28 డిగ్రీలు దాటితే అది సరిగా పనిచేయదు. చల్లటి దేశాల్లో అద్భుతంగా పనిచేసిన జన్యువు మన వేసవి పాలీహౌస్‌లో చేతులెత్తేస్తుంది. ఒక చోట పనికొచ్చిన గుణాన్ని ఇంకో చోట పరీక్షించకుండా నమ్మడానికి లేదు.

రెండో అడ్డంకి, కావలసిన జన్యువు ఒంటరిగా రాదు. చేప కోసం వల వేస్తే నాచూ నత్తలూ వచ్చినట్టు, క్రోమోజోములో దాని పక్కనున్న జన్యువులూ వెంట వస్తాయి. చిన్న కాయ, చేదు, ఆలస్యంగా కాపు లాంటివి అలా వచ్చి పడతాయి. వాటిని వదిలించుకోవడానికి సంకర మొక్కను మళ్లీ మళ్లీ సాగు టమాటాతోనే కలుపుతారు. ప్రతిసారీ అడవి వాటా సగటున సగమవుతుంది. మొదటి సంకరంలో సగం, ఆరుసార్లు వెనక్కి కలిపాక ఒక శాతం కంటే తక్కువ. అయితే కావలసిన జన్యువుకు అతుక్కున్న ముక్క మాత్రం మొండిగా ఉంటుంది, సగటు లెక్క దానికి వర్తించదు. ఇప్పుడు డీఎన్‌ఏ గుర్తులు చూసి మొక్క నారుదశలో ఉండగానే ఏది ఉంచాలో, ఏది పీకేయాలో తేల్చుకుంటున్నారు కాబట్టి పని కొంత తొందరగా అవుతోంది. అయినా మొత్తం ప్రక్రియకు పదేళ్లు పట్టడం మామూలే.

ఈ పదేళ్ల పనికి డబ్బు ఎవరు పెడతారన్నది అసలు ప్రశ్న. విత్తన కంపెనీకి మూడు నాలుగేళ్లలో అమ్మగలిగే హైబ్రిడ్ కావాలి. అడవి మొక్కను సగం మచ్చిక చేసి బ్రీడర్ల చేతికిచ్చే మధ్య దశ పని లాభం తెచ్చేది కాదు. అందుకే అది ఎక్కువగా ప్రభుత్వ పరిశోధనా సంస్థల మీదే పడుతుంది. అక్కడ ఒక శాస్త్రవేత్త రిటైరైతే ఆయన పదిహేనేళ్ల నోట్సు, ఆయన కాపాడుకొచ్చిన మొక్కలు తర్వాతి మనిషికి సవ్యంగా అందకపోతే పని మళ్లీ మొదటికొస్తుంది. సాంకేతిక లోపం కంటే ఈ కొనసాగింపు లోపమే పెద్ద నష్టమని చెప్పడానికి ఆధారం ఉంది. టమాటాలో గొప్ప విజయాలన్నీ ఒకే చోట దశాబ్దాల తరబడి ఓపిగ్గా జరిగిన పనుల నుంచే వచ్చాయి.

అందుకు మంచి ఉదాహరణ 1962 నాటిది. పెరూలో అడవి బంగాళదుంపల కోసం వెళ్లిన హ్యూ ఇల్టిస్ అనే వృక్షశాస్త్రవేత్త బృందం, దారిలో కనబడ్డ పచ్చటి చిన్న కాయల టమాటా కలుపు మొక్క గింజల్ని కూడా పోగుచేసింది. కాలిఫోర్నియాలోని టమాటా జన్యు శాస్త్రవేత్త చార్లెస్ రిక్‌కు కొన్ని పంపింది. ఆ గింజలు ఎందుకు పనికొస్తాయో అప్పుడెవరికీ తెలియదు. రిక్ ఏళ్ల తరబడి సంకరాలు చేసి చూస్తే, ఆ మొక్క జన్యువులు సాగు టమాటాలో చక్కెరలు, కరిగే ఘనపదార్థాల శాతాన్ని పెంచుతున్నాయని తేలింది. సాస్, గుజ్జు తయారు చేసే పరిశ్రమకు ఇది చాలా విలువైన గుణం. నీరు తక్కువున్న కాయ అంటే మరిగించే ఖర్చు తగ్గినట్టే. ఆ ఫలితాన్ని 1980లో ప్రకటించారు. గింజ ఏరడానికీ ఫలితానికీ మధ్య 18 ఏళ్లు.

ఒక్క జన్యువు మీద ఆధారపడితే

కొన్నాళ్లు బాగా తట్టుకున్న రకం తర్వాత లొంగిపోవడానికి కారణం విత్తనం కల్తీ అనే చాలామంది అనుకుంటారు. కల్తీ ఉండొచ్చు, కానీ కల్తీ లేకపోయినా ఇది జరుగుతుంది. వైరస్ వేగంగా మారుతుంది. వేల ఎకరాల్లో ఒకే నిరోధక జన్యువు ఉంటే, దాన్ని దాటగలిగిన ఒక్క వైరస్ రూపానికి పొలాలన్నీ తెరిచినట్టే. ఒక్క టై-2 మీదే ఆధారపడిన రకాలను కొన్ని వైరస్ రూపాలు దాటుకుపోయాయి. అందుకే ఇప్పుడు రెండు మూడు జన్యువులను ఒకే మొక్కలో పేరుస్తున్నారు.

బెంగళూరు శివారు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ నుంచి వచ్చిన హైబ్రిడ్లు ఈ దారిలోవే. అర్క రక్షక్ ఆకుముడత, బాక్టీరియా వాడు తెగులు, ముందస్తు ఆకుమాడు తెగులు, ఈ మూడింటినీ తట్టుకునేలా చేసింది. తర్వాత వచ్చిన అర్క అభేద్‌లో టై-2, టై-3 రెండూ ఉన్నాయి, దానికి తోడు చలి, తేమ కాలంలో వచ్చే ఆలస్యపు ఆకుమాడును తట్టుకునే జన్యువులూ చేర్చారు. ఇలా ఒకే కాయ వెనక రెండు మూడు అడవి జాతులున్నాయి. ఇవి హైబ్రిడ్లే కానీ జీఎం కావు. మన దేశంలో వాణిజ్యంగా సాగవుతున్న జీఎం పంట బీటీ పత్తి ఒక్కటే, మార్కెట్లో జీఎం టమాటా లేదు. గట్టి తోలుండి, ఎర్రగా మెరుస్తూ, వారం నిల్వుండే టమాటాను చూసి జీఎం అని భయపడడానికి ఆధారం లేదు. ఆ గట్టిదనం మామూలు సంకరాల ద్వారానే వచ్చింది.

రుచి తగ్గిందన్న ఫిర్యాదులో మాత్రం నిజముంది. కాయ ఒకే రంగులో పండాలని ఏడు దశాబ్దాల పాటు ఎంచుకుంటూ వచ్చిన ఒక గుణం, కాయలో చక్కెర తయారీకి తోడ్పడే జన్యువును పనిచేయకుండా చేస్తోందని 2012లో తేలింది. దూరపు మార్కెట్‌కు, కంటికి నచ్చడం కోసం ఎంచుకున్న గుణానికి రుచి రూపంలో ధర చెల్లించాం. పప్పుకూ చారుకూ బెంగళూరు మార్కెట్లో ఇప్పటికీ పుల్లటి నాటు టమాటా వెతుక్కునే వాళ్లున్నారు.

రెల్లు గడ్డి, నివ్వరి, బొలీవియా వేరుశనగ

మిగతా పంటల్లో కథ ఇలాగే సాగింది, వివరాలే వేరు. ఏటి గట్ల మీద తెల్లగా పూసే రెల్లు గడ్డి చెరకుకు అడవి బంధువు. 1912లో కోయంబత్తూరులో లావు చెరకును రెల్లుతో కలిపారు. అందులోంచి వచ్చిందే కో 205. అక్కడ మొదలైన పని ఇప్పుడు ప్రపంచమంతా సాగయ్యే చెరకు రకాల్లో ఉంది. తీపి లావు చెరకుది, మొండితనం రెల్లుది.

వరిలో 1970ల్లో గడ్డి గిడస వైరస్ ఆసియా పొలాలను దెబ్బతీసింది. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఆరువేలకు పైగా నమూనాలు పరీక్షిస్తే తట్టుకున్నది ఒక్కటే, ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన నివ్వరి అనే అడవి వరి నమూనా. ఆ నిరోధంతో 1976లో వచ్చిన ఐఆర్ 36 ఆ తర్వాతి దశాబ్దంలో ప్రపంచంలోనే అత్యధికంగా సాగయిన వరి రకాల్లో ఒకటైంది. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ, హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థ, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి చేసిన మెరుగైన సాంబ మసూరి. బాక్టీరియా ఎండాకు తెగులుకు అందులో మూడు జన్యువులు పేర్చారు. ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి, మిగతా రెండు మన ఉపఖండపు పాత సాగు రకాల నుంచి వచ్చాయి. గింజ సన్నదనం, అన్నం రుచి మారకుండా చూడడమే అందులో పెద్ద పని. సాంబ మసూరి కాస్త లావైతే వంటింట్లో ఎవరూ ఒప్పుకోరు కదా.

వేరుశనగ కథ మరీ ఇరుకైనది. రెండు అడవి జాతులు కలిసి పుట్టిన మొక్క అది, పుట్టుక నుంచే వైవిధ్యం తక్కువ. ఆకుమచ్చ తెగులు, తుప్పు తెగులు తట్టుకునే శక్తి బొలీవియాలోని కార్డెనాసీ అనే అడవి జాతి నుంచి వచ్చింది. ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన జీపీబీడీ 4లో ఉన్నది ఆ వారసత్వమే. ఈ జాతికి చెందిన ఒకే ఒక్క నమూనా జన్యువులు 30 దేశాల వేరుశనగ రకాలకు చేరాయని 2021లో ఒక అధ్యయనం చూపించింది. అనంతపురంలో మందు పిచికారీ ఖర్చు తగ్గడానికీ బొలీవియాలో ఒకప్పుడు ఏరిన కొన్ని గింజలకూ సంబంధం ఉంది.

ఊరి రకాల్లోనూ ఉంది సంపద

అడవి మొక్కల దాకా వెళ్లకుండానే, సాగులో ఉన్న పాత రకాల్లో కూడా కావలసిన గుణాలు దొరుకుతాయి. రాగి ఇందుకు బెంగళూరుకు దగ్గరి సాక్ష్యం. రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తుప్రదేశాల్లో పుట్టి వేల ఏళ్ల కింద మన దేశానికి వచ్చింది. ఇక్కడా అక్కడా వేరువేరుగా మారుతూ వచ్చిన ఈ రెండు శాఖలను మండ్యలో లక్ష్మణయ్య అనే శాస్త్రవేత్త మళ్లీ కలిపారు. భారతీయ రాగుల్ని ఆఫ్రికా రాగులతో సంకరం చేసి తెచ్చిన ఇండాఫ్ రకాలు కర్ణాటకలో రాగి దిగుబడిని మార్చేశాయి. దేశంలో పండే రాగిలో సగానికి పైగా కర్ణాటకదే. అగ్గితెగులును తట్టుకునే జీపీయూ 28 కూడా ఇండాఫ్ వంశం నుంచే వచ్చింది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయపు జీకేవీకే ప్రాంగణం నుంచి వచ్చిన ఆ రకం చాలా ఏళ్లుగా రైతుల చేతుల్లో నిలబడి ఉంది.

అనపకాయ సంగతి ఇంకాస్త భిన్నం. కన్నడలో అవరె అనే ఈ కాయ పాత రకాల్లో పగటి కాలం తగ్గినప్పుడే పూస్తుంది. అందుకే చలికాలం వస్తే తప్ప పితికిపప్పు కూర ఉండేది కాదు. వి.వి.పురం అవరెబేళె మేళా కూడా ఆ కాలంలోనే జరిగేది. పగటి నిడివితో పని లేకుండా పూసే గుణం ఉన్న హెబ్బాళ్ అవరె 3, 4 రకాలు రావడంతో ఏడాది పొడవునా కాయ దొరుకుతోంది. పొట్టి మొక్క, ఒకేసారి కాపు, కూలి ఖర్చు తక్కువ. అయితే పాత కాయ తొక్క మీది ఆ జిగురు, ఆ ఘాటు వాసన కొత్తవాటిలో తక్కువని ఇష్టంగా తినేవాళ్లు అంటారు. పాత రకాన్ని పూర్తిగా వదిలేస్తే ఆ వాసనను కొత్త రకంలోకి తేవడానికి మూలమే ఉండదు.

వంకాయకు మన దేశం వైవిధ్య కేంద్రం. 2010 ఫిబ్రవరిలో బీటీ వంకాయ అనే జీఎం రకానికి కేంద్రం అనుమతి ఆపేసినప్పుడు చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. బెంగళూరుతో సహా ఏడు నగరాల్లో జరిగిన బహిరంగ సంప్రదింపుల్లో దీని మీద గట్టి వాదనలు జరిగాయి. వంకాయ దాని అడవి బంధువులతో పుప్పొడి మార్చుకుంటుంది, టమాటాకు ఇక్కడ అలాంటి బంధువులు లేరు. అందుకే ఒక పంటకు వర్తించే భయం ఇంకో పంటకు వర్తించదు. రోడ్డు పక్కన మొలిచే ఉస్తికాయ మొక్క కూడా ఈ కుటుంబానిదే. బాక్టీరియా వాడు తెగులు ఉన్న నేలలో దాని వేరు మీద వంకాయను అంటు కడతారు. అప్పుడు సంకరం చేయకుండానే వేరు బలం వాడుకున్నట్టు.

జన్యు సవరణ వచ్చాక వైవిధ్యం అక్కర్లేదా

హైబ్రిడ్ అంటే ఒకే పంటలోని రెండు వరుసలను కలిపి తీసిన మొదటి తరం విత్తనం. జీఎం అంటే వేరే జీవి జన్యువును చేర్చడం, బీటీ పత్తిలో ఒక బాక్టీరియా జన్యువు ఉన్నట్టు. జన్యు సవరణ అంటే మొక్కలో ఉన్న జన్యువునే ఒక చోట కత్తిరించి, దాని పని మార్చడం. బయటి జన్యువు మిగలని సవరణలకు 2022 మార్చిలో కేంద్రం జీఎం నిబంధనల్లో చాలావాటి నుంచి మినహాయింపు ఇచ్చింది. ఈ మినహాయింపు సరైనదేనా అన్న చర్చ ముగియలేదు, అది వేరే వ్యాసానికి తగిన విషయం.

కమల వరిలో చేసిందేమిటంటే, గింజల సంఖ్యను అదుపు చేసే సీకేఎక్స్2 అనే జన్యువును మందగింపజేయడం. ఆ జన్యువు బలహీనపడితే కంకికి గింజలు పెరుగుతాయని ఎలా తెలిసింది? 2005లో జపాన్ శాస్త్రవేత్తలు ఎక్కువ గింజలు వేసే హబతాకి అనే రకాన్ని, తక్కువ వేసే కోషిహికారితో పోల్చి చూస్తే తెలిసింది. సహజంగా ఉన్న తేడాను చదివాకే కత్తెర ఎక్కడ పెట్టాలో అర్థమైంది. సవరణ ఒక పనిముట్టు, ఏం చేయాలో చెప్పేది వైవిధ్యమే. పైగా ఉన్న జన్యువును ఆపేయడం తేలిక, టై-1 లాంటి పనిచేసే కొత్త రూపాన్ని రాయడం అంత తేలిక కాదు. తెల్లదోమను పట్టే జిగురు నూగు లాంటి పది జన్యువుల గుణం ఇంకా దూరం.

దాచడంలో ఉన్న చిక్కులు

ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ 1976లో ఏర్పడింది. దాని జన్యు బ్యాంకులో నాలుగున్నర లక్షలకు పైగా నమూనాలు మైనస్ 18 డిగ్రీల చలిలో ఉన్నాయి. పది లక్షల నమూనాలకు రెండో బ్యాంకు కడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. ఒకే చోట పెట్టడం ప్రమాదమన్నది ఊహ కాదు. ఫిలిప్పీన్స్ జాతీయ జన్యు బ్యాంకు 2006లో వరదకు, 2012లో మంటలకు దెబ్బతింది. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి బ్యాంకు అందుబాటులో లేకుండా పోయినప్పుడు, నార్వేలోని స్వాల్బార్డ్‌లో దాచిన నకళ్లే 2015 నుంచి ఆ సేకరణను తిరిగి నిలబెట్టాయి.

మామిడి, పనస గింజలను చలిలో దాచలేం, ఎండితే చచ్చిపోతాయి. వాటిని చెట్లుగానే ఉంచాలి. హెసరఘట్ట సంస్థలో అలాంటి తోటలున్నాయి. తుమకూరు జిల్లాలో ఒక రైతు పెరట్లోని రాగి రంగు తొనల పనస చెట్టును అదే సంస్థ గుర్తించి, 'సిద్దు' పేరుతో అంట్లు కట్టి, వచ్చే ఆదాయంలో పెద్ద వాటాను ఆ రైతు కుటుంబానికే ఇచ్చే ఒప్పందం చేసుకుంది. చెట్టును నరకకుండా ఉంచడం లాభసాటి అయితేనే ఊళ్లో చెట్టు మిగులుతుంది. ఆ దిశలో ఇది మంచి పద్ధతి.

అడవి బంధువులది ఇంకా కష్టం. అవి రక్షిత అడవుల్లో కంటే చెరువు అంచుల్లో, గట్ల మీద, పోరంబోకు భూముల్లో ఎక్కువ పెరుగుతాయి. చెరువు పూడ్చి లేఅవుట్ వేస్తే పోయేది నీరొక్కటే కాదు. అయినా నివ్వరి పోయిందని ఎవరూ ఫిర్యాదు చేయరు, ఎందుకంటే అది రైతు కళ్లకు కలుపు మొక్క. బ్యాంకులో పెట్టిన గింజ పరిణామం ఆగిపోతుంది, బయట ఉన్న మొక్క కొత్త వేడికి, కొత్త తెగుళ్లకు మారుతూ ఉంటుంది. రెండూ కావాలి.

దేశాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం కూడా సులువు కాదు. 1993లో అమల్లోకి వచ్చిన జీవవైవిధ్య ఒప్పందం ప్రతి దేశానికీ తన మొక్కల మీద హక్కు ఇచ్చింది. అది న్యాయమే. పెరూ మొక్కతో వేరేవాళ్లు కోట్లు సంపాదిస్తే పెరూకు ఏమీ రాకపోవడం సరికాదు. ఆహార పంటల కోసం 2004లో అమల్లోకి వచ్చిన మరో ఒప్పందం కొన్ని పంటల విత్తనాలను ఒకే పద్ధతిలో పంచుకునేలా చేసింది. అది అమల్లోకి వచ్చినప్పటి జాబితాలో వరి, రాగి, వంకాయ ఉన్నాయి, టమాటా, వేరుశనగ, చెరకు లేవు. కోలారుకు, అనంతపురానికి, మండ్యకు ముఖ్యమైన మూడు పంటలు అలా పక్కన ఉండిపోయాయి.

మిద్దెతోటల్లో, పెరట్లలో

బెంగళూరు తెలుగు ఇళ్ల మిద్దెతోటల మధ్య విత్తనాల మార్పిడి బాగానే జరుగుతోంది. సహజ సమృద్ధ లాంటి సంస్థలు దేశీ విత్తన మేళాలు పెడుతున్నాయి. ఈ పనికి విలువుంది, కాకపోతే పంటను బట్టి పద్ధతి మారాలి. హైబ్రిడ్ టమాటా గింజ దాచి వేస్తే రెండో తరంలో మొక్కకొక తీరుగా వస్తుంది, తెగులు తట్టుకునే జన్యువులు కొన్నిటికి వస్తాయి, కొన్నిటికి రావు. నాటు టమాటా గింజ దాచితే దాదాపు తల్లిలాగే వస్తుంది. వంకాయలో పక్క రకాలతో కొంత కలుస్తుంది. బీర, సొర, గుమ్మడి పూర్తిగా తేనెటీగల, పురుగుల మీద ఆధారపడతాయి కాబట్టి పక్క మిద్దె మీది రకంతో తప్పక కలుస్తాయి. రకం చెడకుండా ఉండాలంటే విచ్చబోయే ఆడ మొగ్గకూ మగ మొగ్గకూ ముందే దారం కట్టి, పూసే వేళకు చేత్తో పుప్పొడి అద్ది మళ్లీ కట్టేయాలి. గుమ్మడికి అది తెల్లవారుజామున, బీరకూ సొరకూ సాయంత్రం.

విత్తనం ఎవరికైనా ఇచ్చేటప్పుడు రకం పేరుతో పాటు ఏ ఊరి నుంచి వచ్చింది, ఎప్పుడు వేస్తారు, దేన్ని తట్టుకుంటుంది అన్నది పొట్లం మీద రాయడం అవసరం. జన్యు బ్యాంకులు ప్రతి నమూనాకూ ఈ వివరాలు అడుగుతాయి, అవి లేని గింజ ఏ గుణం కోసం వెతకాలో తెలియక అలమారాలో ఉండిపోతుంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద రైతులు తమ తరతరాల రకాన్ని తమ పేరున నమోదు చేసుకోవచ్చు. దాచుకోవడానికి, మళ్లీ వేసుకోవడానికి, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవడానికి అదే చట్టం హక్కు ఇస్తోంది.